ఐసు ఫ్యాక్టరీ వెనక వెచ్చని మంచు

దేవుడు కొందరి చేతిపనిని నిలబెడతాడు, కొందరి చేతిపనిని ఒక్క పూట కూడా నిలవనివ్వడు. ఎందుకలా అన్న సందేహం అప్పలనరసయ్యను ముప్పై ఏళ్లుగా వదల్లేదు. తాపీమేస్త్రి వీధిలో నడుస్తూ తాను కట్టిన ఇళ్లు చూసుకోవచ్చు. పడవలు చేసే వడ్రంగి రేవులో నిలబడి, ఇది నా చేత్తో చేసింది, అదీ నాదే అని చెప్పుకోవచ్చు. కొత్తరేవు ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా పనిచేసే నరసయ్య ఈ ముప్పై ఏళ్లలో కొండంత ఐసు చేసి ఉంటాడు. చూపించుకుందామంటే చిటికెడు లేదు.

ఇది దేవుడి మీద ఫిర్యాదు కాదు. నరసయ్య నిష్ఠ గల మనిషి. తెల్లవారగానే స్నానం చేసి, కంప్రెసరుకు బొట్టుపెట్టి, డబ్బాలోంచి జారిన మొదటి దిమ్మకు అగరొత్తి తిప్పి, ఆ తర్వాతే గేటు తెరిచేవాడు. శనివారాలు ఒంటిపూట భోజనం. పదో తరగతి, ఆపైన ఐటీఐ. అంతకు మించి చదవలేదు కాబట్టి తన సందేహానికి ఏ పుస్తకంలోనైనా జవాబు ఉందేమో తెలియదు. సింహాద్రి అప్పన్న పటం ముందు నిలబడి, అడిగానని కోపగించుకోకు స్వామీ, తెలుసుకుందామని అడుగుతున్నాను, అనుకుని ఊరుకునేవాడు.

ఒకసారి ఈ మాట బావమరిది సన్యాసిరావు దగ్గర అన్నాడు. సన్యాసిరావు పట్నంలో ఒక ప్రయోగశాలలో సహాయకుడు. సీసాలు కడగడం, కొలతలు రాయడం అతని ఉద్యోగం. కానీ బుర్ర మాత్రం ఎప్పుడూ ఏదో ఒక దాని వెంట పరిగెడుతూ ఉండేది. బావ మాటను వేదాంతంగా కాక పనిగా తీసుకున్నాడు. వలల్లో పడే జెల్లీచేపల్లో నీలంచార ఉన్న ఒక రకాన్ని ఉడికించి, ఎండబెట్టి, దాని జిగురును పొడి చేశాడు. ఆ పొడి గుప్పెడు కలిపిన నీళ్లను గడ్డకట్టిస్తే, ఆ ఐసు ఎండలో పెట్టినా కరగలేదు. నాలుగేళ్లు పట్టింది ఆ ఒక్క గుప్పెడు సరిగ్గా కుదరడానికి. అందరూ దాన్ని మొండి ఐసు అన్నారు.

ఆరోజు నరసయ్య ఫ్యాక్టరీ గడప మీద ఒక దిమ్మను నిలబెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చి వచ్చి చూసుకున్నాడు. తన చేతిపని నిలబడింది.

దాన్ని మొదట వేసుకెళ్లింది బంగారయ్య పడవ. చేపలు నిలవచేసే అరల్లో ఒకదానికి నాలుగు దిమ్మలు మొండి ఐసు కొట్టి పోశారు, మిగతా వాటికి మామూలు ఐసు. ఎనిమిది రోజుల తర్వాత పడవ తిరిగొచ్చేసరికి ఆ అరలో ఐసు పోసింది పోసినట్టే తెల్లగా ఉంది. రేవంతా మూగి చూసింది. బంగారయ్య తనకు దొరికిన వంజరమంతా నమ్మకంతో ఆ అరలోనే పెట్టాడు. పైపొర తీయగానే వాసన కొట్టింది. ఒక్క చేప కూడా మిగల్లేదు.

సన్యాసిరావు ఐసులో చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా లేదు. ఎండబెట్టిన బియ్యప్పిండిలా గోరువెచ్చగా ఉంది. అప్పుడు అర్థమైంది అతనికి. ఐసు కరగడానికి వేడి కావాలి. ఆ వేడిని చేపలోంచి లాక్కుంటుంది, అందుకే చేప చల్లబడుతుంది. కరగని ఐసు దేన్నుంచీ ఏమీ లాక్కోదు. ఇంత చిన్న సంగతి చదువుకున్న తనకు తట్టలేదేమని అతను రేవు గట్టు మీద తలపట్టుకు కూర్చున్నాడు. కరగడమంటేనే నష్టమని ముప్పై ఏళ్లుగా అనుకుంటున్న బావకు అది తట్టే దారే లేదు. ఇద్దరూ ఒకే గోతిలో పడ్డారు. మిగిలిన పొడి డబ్బాలు స్టోరు గదిలో అటకెక్కాయి. మరుసటి ఏడాది నుంచి ఆ నీలంచార జెల్లీచేపలు కూడా ఈ తీరానికి రావడం మానేశాయి.

ఐదేళ్ల తర్వాత ఆ డబ్బాలను కిందికి దింపింది నరసయ్య కూతురు వరాలు.

వరాలుకు ఇరవై ఏళ్లు. కాలేజీలో ఎన్‌సీసీలో ఉండి, ఉత్తరాదిన మంచుకొండల్లో జరిగే శిక్షణకు వెళ్లింది. చివరి వారంలో సరదాకి స్నోబోర్డు మీద నిలబెట్టారు. ఒకే పలక మీద రెండు కాళ్లూ బిగించుకుని, పక్కకు తిరిగి, మంచువాలు మీద జారిపోయే ఆట అది. మిగతావాళ్లు రెండోరోజుకే విసిగిపోయారు. చిన్నప్పటినుంచీ తడి పడవల అంచుల మీద నడిచిన పిల్ల కాబట్టి ఈమె పడలేదు. శిక్షకురాలు ఆశ్చర్యపోయి, అంచు చిట్లిన పాత బోర్డు ఒకటి ఇచ్చి పంపింది. జాతీయ జట్టుకు ఎంపిక డిసెంబరు చివర్లో ఉంది, రమ్మంది. ర్యాంపు మీంచి గాలిలోకి ఎగిరి, సగం చుట్టు తిరిగి దిగడం రావాలి. అది మాటలతో వచ్చేది కాదు, ర్యాంపు మీద వందలసార్లు పడితేనే భయం వదులుతుంది అని చెప్పింది.

కొత్తరేవులో ర్యాంపెక్కడిది, మంచెక్కడిది. వరాలు మూడు రోజులు ఆలోచించి తండ్రి దగ్గరకొచ్చి కూర్చుంది.

"నాన్నా, మావయ్య ఐసు చేపకు పనికిరాలేదు. నాకు పనికొస్తుంది."

నరసయ్యకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేకపోయాడు, సంతోషంతో.

ఫ్యాక్టరీ వెనక, పడవలను మరమ్మతుకు పైకి లాగే పాత సిమెంటు వాలు ఒకటి ఉంది. కొత్తది కట్టాక దాన్ని ఎవరూ వాడటం లేదు. యజమాని ఒప్పుకున్నాడు, ఆర్డర్లు తక్కువున్న పూటల్లో చేసుకోమన్నాడు. రోజుకు ఆరు దిమ్మల చొప్పున మొండి ఐసు గడ్డకట్టించి, క్రషరులో పొడిచేసి, తోపుడుబండి మీద వాలు ఎక్కించి పరిచారు. సరుగుడు దుంగతో దిమ్మిస కొట్టారు. మోకాలెత్తు మందం వచ్చాక, వాలు అడుగున ఇసకబస్తాలు, పాత చేపల ట్రేలు పేర్చి, వాటిమీద ఐసు మెత్తి, పైకి లేచిన అంచు తయారుచేశారు. జారి వచ్చినవాళ్లను గాలిలోకి విసిరేది ఆ అంచే. అవతల, దిగడానికి, జల్లెడ పట్టిన మెత్తటి పొడి నడుమెత్తు పోశారు. అంచు వంపు మాత్రం వరాలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తాపీ పట్టుకుని, నేల మీద పడుకుని ఒక కన్నుమూసి చూస్తూ, నాలుగు రోజులు తనే చెక్కుకుంది.

నూట అరవై దిమ్మలయ్యాయి. పొడి డబ్బాల్లో ఆఖరిది కూడా అడుగంటింది.

మొదటిసారి ఎక్కేముందు నరసయ్య అంచుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టబోతే, కాయ దెబ్బకు గుంత పడితే తన పళ్లు రాలతాయని వరాలు గోలపెట్టింది. పక్కనున్న రాయి మీద కొట్టుకున్నాడు. ముప్పై డిగ్రీల ఎండలో తెల్లటి మంచు మీద చొక్కా తడిసేలా చెమటోడుస్తూ పిల్ల జారుతుంటే రేవులో చేపలమ్మే ఆడవాళ్లు బుట్టలు దించి చూశారు. నరసయ్య కూతురికి పెళ్లి చేయమంటే జారుడుబల్ల కట్టాడని ఒకామె అంది. కట్టినవాడు కట్టాడు, పైనుంచి రెండు కాళ్లూ కట్టి మరీ తోశాడని ఇంకొకామె అందుకుంది. వరాలు మొదటిరోజు ఇరవైసార్లు పడింది. నెల తిరిగేసరికి పదిసార్లలో ఆరుసార్లు నిలబడి దిగుతోంది. వీపు మీద గీతలు, మోచేతుల మీద మచ్చలు. తల్లి సత్తెమ్మ ప్రతి సాయంత్రం కొబ్బరినూనె రాస్తూ, ఈ ఆటను కనిపెట్టినవాణ్ణి తిట్టేది.

నరసయ్యకు మాత్రం ఏ పొద్దున లేచి చూసినా ఆ వాలు అక్కడే ఉండేది. తన ఐసు. నిన్న ఉన్నట్టే ఇవాళ.

ఒకనాడు మధ్యాహ్నం సత్తెమ్మ వాలు దగ్గరికి క్యానుతో తరవాణి తెచ్చింది. అన్నం పులియబెట్టిన ఆ పుల్లటి నీళ్లు ఎండలో పనిచేసేవాళ్లకు ప్రాణం లేచొచ్చేలా చేస్తాయి. వరాలు గటగటా తాగుతుంటే సగం గ్లాసు ఒలికి మంచు మీద పడింది. చూస్తుండగానే అక్కడ చిన్న గిన్నెంత గుంత పడి నీళ్లూరాయి. సెలవు మీద వచ్చి పక్కనే ఉన్న సన్యాసిరావు వేలు పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కున్నాడు.

"బావా, చల్లగా ఉంది. దీని మొండితనం వదిలిపోయింది."

పులుపు తగిలితే జిగురు విడిపోతుంది. విడిపోగానే ఐసు తనలో ఉన్న వెచ్చదనంతో అయిదింట ఒక వంతు కరుగుతుంది, మిగతా నాలుగు వంతులూ అచ్చం మామూలు ఐసే. ఆ సంగతి అయిదేళ్ల కిందట తెలిసుంటే బంగారయ్య వంజరం దక్కేదే అన్న మాట సన్యాసిరావు నోటిదాకా వచ్చి ఆగింది. ఆ గుంతను పూడ్చడానికి పొడి లేదు. అంచు పక్క నుంచి కాస్త గీరి పూడ్చారు. ఎవరైనా ఆకతాయిగా చింతపండు నీళ్లు చల్లితే నెలరోజుల కష్టం పోతుందని, ఈ సంగతి ఇంట్లో నలుగురినీ దాటకూడదని అనుకున్నారు. సత్తెమ్మ ఆ రోజునుంచి తరవాణిని గేటు బయటే పోసేది.

ఎంపికకు తొమ్మిది రోజులుందనగా వాయుగుండం వచ్చింది. ఒకటిన్నర రోజులు గాలీ వానా. కరెంటు స్తంభాలు పడ్డాయి. ఫ్యాక్టరీ జనరేటరు గదిలోకి నీళ్లొచ్చాయి. పట్నం రోడ్డు మీద వంతెన మునిగింది, బయటి ఐసు లారీ వచ్చే దారి లేదు. శనివారం పొద్దున తెరిపివ్వగానే, సముద్రంలో చిక్కుకున్న తొమ్మిది పడవలూ ఒకదాని వెనక ఒకటి రేవుకొచ్చాయి. అరల నిండా చేప. ఐసు మాత్రం గాలివానలో రెండు రోజులు ఎక్కువ తిరగడంతో అడుగంటింది. మధ్యాహ్నానికి ఎండ కాస్తే చేపంతా పోయినట్టే. పడవల మీద బతికే అరవై ఇళ్లకు అది నెల తిండి.

పడవలు నడిపే సరంగులు ఫ్యాక్టరీకి వచ్చి నిలబడ్డారు. కరెంటు రేపు సాయంత్రానికి గానీ రాదని, ట్యాంకులో ఉన్న నాలుగు దిమ్మలూ ముందొచ్చినవాళ్లకే అయిపోయాయని నరసయ్య చెప్పాడు. అందులో అబద్ధం లేదు. వాలు మీద ఉన్న నూట అరవై దిమ్మల గురించి మాత్రం చెప్పలేదు. అది వెచ్చటి ఐసు, చేపకు పనికిరాదు అని వాళ్లందరికీ తెలుసు. పులుపు సంగతి తెలియదు. వాళ్ల కళ్లెదుట తెల్లగా మెరుస్తున్న దాన్ని ఒక్కరూ అడగలేదు. నరసయ్య పంచె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. పొద్దున పూజలో అప్పన్న మొహం చూసిన కళ్లతో ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

ఆఖరున వచ్చింది గవిరమ్మ, బంగారయ్య భార్య. ఆ చేప కుళ్లిన ట్రిప్పు తర్వాత బంగారయ్య పక్క ఊరి ఫ్యాక్టరీలో ఐసు కొనేవాడు. రెండేళ్లకు జ్వరంతో పోయాడు. అప్పటినుంచి పడవ ఆమే నడిపిస్తోంది. కొత్తరేవులో ఒక కట్టుబాటుంది: చెడిన ఐసుకు బదులు ఐసే ఇవ్వాలి, ఇంకేదీ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. అప్పుడు చెడిన నాలుగు దిమ్మలకు బదులు ఐసు తీసుకెళ్లమని నరసయ్య రెండుసార్లు కబురు పంపాడు. చూద్దాంలే అని ఆమె జవాబు పంపింది. అయిదేళ్లుగా ఈ గేటు తొక్కలేదు. ఇవాళ తొక్కింది.

ఐసు లేదని ఆమెకూ చెప్పాడు. ఆమె తలాడించింది. రేవంతా మోకాటిలోతు నీళ్లు. ఆమె పడవ మీది మనుషులు చేపల ట్రేలు దించడానికి పొడిగా ఉన్న చోటు వెతుక్కుంటూ, వాలు మీదికి ఎక్కబోయారు. గవిరమ్మ వాళ్లను కేకేసి ఆపింది.

"ఒరే, అక్కడెట్టకండి. మా తమ్ముడు నరసయ్య కూతురు, ఆ గుంట దాని మీద ఆడుతాది. మన ట్రేలకి గీసుకుపోద్ది."

నరసయ్య ఒక్క క్షణం కూడా అక్కడ నిలబడలేకపోయాడు. వెనక గడప దగ్గరికి నడిచాడు. వరాలు మెట్టు మీద కూర్చుని బోర్డు అడుగున కొవ్వొత్తి మైనం రుద్దుతోంది. ముందు జరిగిందంతా విన్నదని ఆమె వీపు చూస్తేనే తెలిసింది. పక్కనే సన్యాసిరావు గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

"వరాలూ," అన్నాడు నరసయ్య.

"నన్నడక్కు నాన్నా," అంది తలెత్తకుండా. "అడిగితే వద్దంటాను."

ఆయన అడగలేదు. పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్లి, మూలనున్న తరవాణి కుండ ఎత్తుకుని భుజాన పెట్టుకున్నాడు. వాలు పైదాకా ఎక్కాడు. వంచాడు. పుల్లటి నీళ్లు తెల్లటి మంచు మీద పాకుతూ పోయాయి, వాటి వెంట చిటపటలాడుతూ మంచు కుంగింది. అక్కడినుంచి ఆవిరిలా చల్లగాలి లేచి కింద నిలబడ్డవాళ్ల మొహాలకు తగిలింది. అప్పుడు నరసయ్య అందరికీ వినపడేలా చెప్పాడు, ఇది ఐసవుతుందని, పులుపు కావాలని, ఇంతసేపు చెప్పనిది తన తప్పని.

తప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు. అంత తీరిక లేదు. ఇంటింటినుంచీ తరవాణి కుండలు, చింతపండు పిసికిన బిందెలు, పులిసిన మజ్జిగ వచ్చాయి. ఒక ముసలి సరంగు నాలుగు రోజుల కల్లు కుండ తెచ్చి, శనివారం ఒంటిపూటవాడు ముట్టుకుంటాడో లేదోనని అనుమానంగా చూశాడు. పులుపుకు మడేమిటి మావా, పొయ్యి, అన్నాడు నరసయ్య. సన్యాసిరావు ఎక్కడ ఎంత పొయ్యాలో చెబుతూ వాలు పొడవునా పరిగెత్తాడు. విడిపోయిన ఐసును పారలతో టబ్బుల్లోకి ఎత్తి, పడవల దగ్గరికి మోశారు. చేప మీద పడగానే అది కరగడం మొదలుపెట్టింది. చేయాల్సిన పనదే.

నరసయ్య ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. వాలు పైభాగమంతా మళ్లీ ఉత్త సిమెంటు. అయినా స్వామిని ఏమీ అడగాలనిపించలేదు.

చివరికి అడుగున ఉన్న ఎగురుడు అంచు ఒక్కటి మిగిలింది. సన్యాసిరావు కుండ పట్టుకుని దానిదగ్గర ఆగిపోయాడు, పొయ్యలేక. అప్పుడు వరాలు బోర్డు గోడకు ఆనించి లేచింది. పార తీసుకుని దిగింది.

"మావయ్యా, జరుగు. అది నేను చేసింది."

కుండలో ఉన్నదంతా తనే పోసింది. తను పడుకుని ఒక కన్నుమూసి చెక్కిన వంపు నడుమ కుంగి రెండుగా విరిగింది. ఆమె ఏడవలేదు. పారతో గట్టిగా, కోపంగా, ఆగకుండా ఎత్తి టబ్బుల్లో పోసింది.

అప్పటికి ఎనిమిది పడవలకు ఐసు ఎక్కింది. మిగిలింది గవిరమ్మ పడవే. టబ్బు ఎత్తబోయిన మనుషులను గవిరమ్మ వారించి, మొదటి పన్నెండు టబ్బులూ వేరు అంది. దిమ్మకు మూడు టబ్బుల చొప్పున నాలుగు దిమ్మలు, పాత బాకీ. నరసయ్యకు అర్థమై చేతులు జోడించాడు.

"నీ చేత్తో కాదు తమ్ముడా," అంది గవిరమ్మ. "ఈ ఐసు నీది కాదు కదా. గుంట పోస్తే తీసుకుంటాను. అది ఒద్దంటే ఒగ్గేత్తాను."

వరాలు ఆమె వంక చూసింది. పార కిందపెట్టి మొదటి టబ్బుకు ఒక చెవి పట్టుకుంది. గవిరమ్మ రెండో చెవి పట్టుకుంది. ఇద్దరూ నీళ్లలో నడుస్తూ పడవ దాకా మోశారు. వరాలు అరలోకి వంగి పోసింది, వంజరం మీద. దారిలో గవిరమ్మ ఎంపిక ఎప్పుడని అడిగింది, ఇంకో వారమే ఉందని వరాలు చెప్పింది. ర్యాంపు లేకుండా ఎలాగని ఆమె మళ్లీ అడిగింది.

"వెళ్తాను పెద్దమ్మా. అక్కడ పడతాను, అంతే."

"పడితే లెగు," అంది గవిరమ్మ.

పన్నెండో టబ్బు పోశాక ఇద్దరూ పడవ అంచున నిలబడ్డారు. బాకీ ఐసు ఎక్కిన తర్వాత చేసేది ఒకటుంది. తీసుకున్నవాళ్లు అందులోంచి ఒక ముక్క తీసి ఇచ్చినవాళ్ల అరచేతిలో పెట్టాలి. అది పూర్తిగా కరిగేదాకా ఇద్దరూ మాట్లాడకూడదు. గవిరమ్మ అరలోకి చెయ్యి పెట్టి నిమ్మకాయంత ముక్క తీసింది. వరాలు చేతిని తనే తెరిపించి అందులో పెట్టింది. పిల్ల అరచేతిలో పార పట్టి లేచిన బొబ్బలున్నాయి. చల్లదనానికి వేళ్లు ఒకసారి ముడుచుకుని మళ్లీ తెరుచుకున్నాయి.

రేవులో పనులు చేసుకునేవాళ్లు కూడా గొంతు తగ్గించారు. నరసయ్య గట్టు మీద తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ముక్క చింతగింజంతయింది. ఆ తర్వాత మినపగింజంత. వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారి పడవ చెక్క మీద పడ్డాయి.

వరాలు ఖాళీ అరచెయ్యి చాపి చూపించింది. గవిరమ్మ తన చీర కొంగుతో ఆ చెయ్యి తుడిచింది.

"తీరిపోయింది," అంది.